తెల్ల వైరు

నందినికి అన్నిటికంటే పెద్ద భయం, బిడ్డకు ఏదో తక్కువై, అది కళ్ల ముందే ఉన్నా తనకు అర్థం కాకుండా పోతుందేమోనని. ఎనిమిదో తరగతి మధ్యలో తల్లి మంచాన పడితే ఆమె బడి మానేసింది. పిల్లల్ని చూసి ఏది మామూలో ఏది కాదో చెప్పే విద్య ఆ తర్వాతి తరగతుల పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుందని, చదువుకున్న తల్లులందరికీ అది తెలుసని లోలోపల నమ్మేది.

చిట్టికి రెండేళ్ల నాలుగు నెలలు. శ్రీహిత అని పేరు పెట్టారు గానీ ఇంట్లో అందరికీ చిట్టే. ఇంతవరకు ఒక్క మాట రాలేదు. పిలిస్తే ఒకసారి తిరిగి చూస్తుంది, ఒకసారి చూడదు. నందినిని తికమక పెట్టింది అదే. అసలు తిరగకపోతే ఏదో ఒకటి తేలిపోయేది. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే ఆడుకుంటున్న సీసా మూతల మీది నుంచి తలెత్తదు. అదే పిల్ల, వంటింట్లో కుక్కర్ మూత బండల మీద పడితే ఉలిక్కిపడి చూస్తుంది. కిందటి వినాయకుల ఊరేగింపులో డోళ్లు గల్లీ మలుపులో మోగినప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకుని కిలకిలా నవ్వింది.

"మహేందర్ గూడ మూడేండ్లు దాటినంకనే మాట్లాడిండు," అనేది అత్త సత్తెమ్మ కొడుకును తలుచుకుని. "ఇప్పుడు సూడు, మూయమంటే నోరు మూస్తడా? దవఖాన ఎందుకు? ఉట్టిగ ఫికర్ పెట్టుకోకు బిడ్డా."

మొఘల్‌పురాలో వాళ్ల ఇల్లు ముందు రెండు గదులు, వెనక ఆరు బర్రెల కొట్టం. మహేందర్ తెల్లారకముందే పాలు పిండి, ఖాతాల ఇళ్లకు పోసి, పదకొండింటికి ఇల్లు చేరతాడు. మళ్లీ పిండేది మూడింటికి. పాలవాళ్లంతా ఆ మధ్యలో పడుకుంటారు. మహేందర్ మాత్రం పాత వీడియో గేములు బయటికి తీస్తాడు.

చిన్నప్పుడు ఎదురింటి కిటికీ ఊచలు పట్టుకుని, లోపల పిల్లలు ఆడుతుంటే చూసినవాడు. పెళ్లయ్యాక ఆ కోరిక మళ్లీ లేచింది. ఇప్పుడు ఇంట్లో నాలుగు గేమ్ డబ్బాలు, అరవైకి పైగా కేసెట్లు. అన్నీ పాల ప్యాకెట్ల ట్రేలలో వరసగా పేర్చి ఉంటాయి. ప్రతి గురువారం జుమ్మెరాత్ బజార్లో పాత సామాను కుప్పలు వెతికి, దొరికిన కేసెట్‌ను ఖాళీ పాల క్యాన్లో దాచి తెచ్చేవాడు. ఒకసారి సత్తెమ్మ క్యాను కడగబోయి లోపల చెయ్యి పెట్టింది.

"ఇదేందిరా, పాలల్ల రాయి పడ్డది?"

"రాయి గాదమ్మా, కేసెట్."

"కోడలా, నీ మొగుడు రేపు బర్రె పొదుగుల గూడ దాస్తడు. సూసుకో."

మొదట్లో నందిని కూడా అత్త పక్షమే. ఒకరోజు రెండో రిమోట్ ఆమె చేతిలో పెట్టి "జర కూసో" అన్నాడు. అంతే, కూర్చుంది. వాటిలో ఒక కేసెట్ మీద ఏ భాషో తెలియని అక్షరాలు ఉన్నాయి. ఆట పేరేమిటో చదవలేక వాళ్లిద్దరూ దాన్ని కప్ప ఆట అనేవాళ్లు. పచ్చ కప్ప ఒకటి బావులు దూకుతూ పోవాలి. ఏడో బావి దాటితే తెర అంతా ఎర్రగా, పసుపుగా మెరిసి ఒక పాట వస్తుంది. మహేందర్ తొందరపడి నాలుగో బావిలో పడేవాడు. నందిని ఆగి, చూసి, దూకించేది.

"గంత సేపు ఆగితే కప్ప ముసల్ది అయితది," అని ఉడికించేవాడు.

"నీ కప్ప ముసల్ది అయ్యేదాంక బతికితే గద."

పాట రాగానే చిట్టి రెండు చేతులూ ఊపుతూ గుండ్రంగా తిరిగేది. ధూల్‌పేట్‌లో ఒక పాత ఇంటి నుంచి తెచ్చిన టీవీ అది, చుట్టూ చెక్క పెట్టె. చిట్టి ఒక్కోసారి తెర వైపే చూడకుండా ఆ చెక్కకు చెంప ఆనించి కూర్చునేది. పాట మొదలు కాగానే లేచి ఎగిరేది.

"సూడు, పాట ఇంటుంది," అనేవాడు మహేందర్. "తెర దిక్కు సూస్తలేదు, అయినా ఎగురుతుంది. ఇంక నీకేం గావాలె?"

నందిని అప్పటికి సరే అనుకునేది. సాయంత్రం మళ్లీ వెనక నుంచి పిలిచేది. తిరిగేది కాదు. పాట వినే పిల్లకు తన గొంతు వినిపించదా? తన గొంతే నచ్చదా? ఆ రెండో మాట అనుకున్న రోజు అన్నం సహించలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం చిట్టి టీవీ వెనక దూరి వైర్లు లాగేసింది. మహేందర్ పసుపు వైరు వెతికి గుచ్చాడు. కేసెట్ సందులో దుమ్ము పోయేలా ఊది, తిరిగి పెట్టాడు. బొమ్మ వచ్చింది. వంటింట్లో సత్తెమ్మ మిక్సీలో పప్పు రుబ్బుతోంది, ఆ చప్పుడుకు ఇంకేమీ వినబడటం లేదు. ఇద్దరూ ఆటలో పడ్డారు. నందిని కప్ప ఆరో బావి దాటేసరికి మిక్సీ ఆగింది. ఏడో బావి దాటింది. తెర ఎర్రగా, పసుపుగా మెరిసింది. చిట్టి చేతులు ఊపుతూ గుండ్రంగా తిరిగింది.

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పాట ఏది?" అంది నందిని.

"అరే, తెల్ల వైరు పెట్టలే. అది సౌండుది." మహేందర్ లేవబోయి ఆగాడు. చిట్టి ఇంకా తిరుగుతోంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మహేందరే ముందు అన్నాడు: "రంగులు సూసి ఎగిరింది కావచ్చు. గట్లని ఇనపడనట్టా? ఆగు. కేసెట్ నడవకపోతే ఏం జేస్తం? వైరు మార్చి సూస్తం, డబ్బా మార్చి సూస్తం. ఒక్కపారి ఒక్కటే మార్చాలె. అప్పుడే తప్పు ఏడుందో దొరుకుతది."

"బిడ్డ నీకు కేసెట్ లెక్క కనబడుతుందా?"

"మరి ఇంకెట్ల సూడాలె, నువ్వే జెప్పు."

అతను తెల్ల వైరు పెట్టాడు. చిట్టిని టీవీకి వీపు పెట్టి నేల మీద కూర్చోబెట్టి, ముందర సీసా మూతలు పోశాడు. సౌండు చివరిదాకా తిప్పాడు. నందిని మళ్లీ కప్పను దూకించింది. చెమటకు బటన్ జారుతోంది. రెండు కప్పలు చచ్చాయి. మూడోది ఏడో బావి దాటింది. పాట గదిని దద్దరిల్లించింది. కొట్టంలో బర్రె ఒకటి అరిచింది.

చిట్టి మూత వదిలి, నేల మీద అరచెయ్యి ఆనించి, వెనక్కి తిరిగింది.

"ఇన్నది," అన్నాడు మహేందర్. "సూసినవా? ఇన్నది."

నందిని సంతోషపడబోయి ఆగిపోయింది. ఆ అరచెయ్యి. నేల మీద ఎందుకు ఆనించింది? కుక్కర్ మూత పడింది బండల మీద. డోళ్లు మోగితే చెయ్యి పెట్టుకున్నది గుండె మీద. చెంప ఆనించేది చెక్కకు. తనకు ఏదో అర్థమవుతోందా, లేక ఉన్న భయమే ఇలా వేషం వేసుకుని వస్తోందా? చదువుకున్న మనిషైతే ఈపాటికి తేల్చేసేది.

"దాన్ని మంచం మీద కూసోబెట్టు," అంది.

"ఎందుకు?"

"బండలు అదురుతున్నయ్. పరుపు అదురదు."

మహేందర్ బిడ్డను ఎత్తి మంచం మధ్యలో, గోడ వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాడు. మూతలు మళ్లీ పోశాడు. ఈసారి నందిని ఒక్క కప్పను కూడా చావనివ్వలేదు. ఏడో బావి దాటింది. పాట మొదటి నుంచి చివరిదాకా మోగింది. వంటింట్లోంచి సత్తెమ్మ "ఏం లొల్లిరా అది" అని కేకేసింది.

చిట్టి నీలం మూత మీద తెల్ల మూత పెట్టింది. దాని మీద ఇంకోటి పెట్టింది. తల తిప్పలేదు.

సత్తెమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని, "మహేందర్ గూడ..." అని మొదలుపెట్టింది. మంచం వెనక నిలబడి తనే "చిట్టీ, చిట్టీ" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. మంచం పట్టె మీద కూలబడి, "నేనే వద్దంటి. దవఖానకు ఎందుకంటి," అంది.

"రేపు పొద్దుగాల పాలు పోసినంక కోఠి పోదాం," అన్నాడు మహేందర్. "చెవుల దవఖానకు. డాక్టర్‌తోని నేను మాట్లాడ్త."

"నేను జెప్తా," అంది నందిని. "మొదలు కుక్కర్ మూత కాడికెల్లి అన్నీ జెప్తా. నడుమల అందుకోకు."

తనకు ఏమనిపిస్తోందో ఆమెకే తెలియలేదు. ఏడవాలో, ఇన్నాళ్లకు ఒకటి పట్టుకున్నానని ఊపిరి పీల్చుకోవాలో. చిట్టిని దించి టీవీ పక్కకు తీసుకెళ్లింది. ఆ చిన్న అరచెయ్యిని చెక్క మీద పెట్టి, దాని పక్కనే తన అరచెయ్యి కూడా పెట్టింది. "ఇంకోపారి ఆడు," అంది మొగుడితో. అతను నాలుగో బావిలో పడ్డాడు. మళ్లీ ఆడాడు. చాలాసేపటికి పాట వచ్చింది. ఆ చెక్క ఇన్నాళ్లూ అంతగా వణుకుతోందని నందినికి తెలియనే తెలియదు. చిట్టి ఆమె ముఖంలోకి చూసి నవ్వింది.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఏ అల్లరీ చేయకుండా, పిలిస్తే ఒకసారి పలికి ఒకసారి పలకని పిల్లలు ఉన్నారేమో. బుద్ధిమంతులని, మాటలు ఆలస్యమని వదిలేసి ఉంటారు. ఇప్పుడే లేచి వెళ్లండి. పరుపు మీద కూర్చోబెట్టి, నీడ పడకుండా వెనక నిలబడి, ఆ బిడ్డను ఒక్కసారి పేరు పెట్టి పిలిచి చూడండి.