పేరు, వయసు, ఊరు

"ఆ బుక్కు చేనుకు తేకు బిడ్డా. ఎవలన్న చూస్తే ఏమనుకుంటరో ఏమో."

నిరోష నవ్వి, నోటుబుక్కును సద్దిగిన్నె కింద సంచిలో దోపుకుంది. "మాటలు రాసుకుంటే ఎవలేమంటరమ్మా? నువ్వు నిద్రల గూడ భయపడ్తవ్."

నిజమే. మా ఆయన దానియేలు పుణెలో బిల్డింగు పనికి పోయాడు. ఆయన ఫోన్ ఎత్తకపోతే చాలు, పై అంతస్తు నుంచి పడ్డాడనే అనుకుంటాను. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. నాకు తెలియనిదేదైనా నా కంటికి ఆపదలాగే కనిపిస్తుంది.

నిరోష తొమ్మిదో తరగతి. చెట్లను, పురుగులను పరీక్ష చేసినట్టే మనుషుల మాటలను కూడా పరీక్ష చేసే శాస్త్రం ఒకటుందని వాళ్ల అర్చన మేడం చెప్పిందట. భాషాశాస్త్రమట. ఆ రోజు నుంచి నా బిడ్డకు వేరే ధ్యాస లేదు. వేరుశనగకాయలను రాజోలి వైపు వాళ్లు బుడ్డలంటారు, వనపర్తి వైపు వాళ్లు పల్లికాయలంటారు అని, కనపడ్డ వాళ్లందరినీ అడిగి రాసుకుంటోంది. ఏది తప్పే అంటే, ఏదీ తప్పు కాదంటుంది.

మల్దకల్ దగ్గర భీమన్న పటేలు సీడుపత్తి చేనులో, అంటే విత్తనాల కోసం పెంచే పత్తిలో, నాకు పని. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి అద్దాలి. క్రాసింగ్ అంటాం. ఆదివారమైతే చిన్నపిల్లలు కూడా వస్తారు. రెండేళ్ల కింద ఎవరో ఆఫీసర్లు వచ్చి, పక్క చేనులో పిల్లలను నిలబెట్టి పేరు, వయసు, ఊరు అడిగి రాసుకుని పోయారు. చిన్నపిల్లలతో పని చేయిస్తున్నాడని ఆ రైతు మీద కేసయింది. అక్కడ పనిచేసిన ఒకామె చెప్పి పట్టించిందని పుకారు పుట్టింది. ఆ తర్వాత ఆమెను ఒక్కరూ పనికి పిలవలేదు. ఇదంతా నిరోషకు విడమరిచి చెప్పలేదు. చెప్తే అదీ భయపడుతుందనుకున్నాను.

ఆ ఆదివారం పది గంటలప్పుడు సాళ్ల మధ్యలోంచి నిరోష గొంతు వినిపించింది. "సౌందర్యా, మీ అమ్మను ఏమని పిలుస్తవ్? నీ వయసెంత? మీదే ఊరు?"

నా చేతిలోని పువ్వు జారిపోయింది. లేచి అటు పోయేసరికి గట్టు మీద భీమన్న పటేలు. ఆయన చేతిలో నిరోష బుక్కు.

"సౌందర్య, పదకొండు, అయిజ," అని చదివాడు. సౌందర్య చెట్ల చాటుకు వంగింది. "ఏమే కిష్టమ్మా, కూలికొచ్చినవా, సీఐడిని ఎంటబెట్టుకొని వచ్చినవా?"

"అయ్యో పటేలా, పసిది. తెల్వక రాసింది. చించెయ్, కాలబెట్టు, నీ కాల్మొక్త." ఈ చేను పోతే పోయింది. పట్టించిన మనిషి అని పేరొస్తే ఇంకే గట్టూ ఎక్కనివ్వరు. పనీ ఉండదు, దాని చదువూ ఉండదు.

"చించకు తాతా!" నిరోష ముందుకు వచ్చింది. "పిల్లలదే గాదు, కింద చూడు. జానకమ్మ అవ్వది గూడ రాసిన. డెబ్బై రెండు."

"నా వయసు గూడ రాసినవా పిల్లా?" జానకమ్మ నడుం పట్టుకుని లేచింది. "పటేలా, పింఛన్ పెంచుతరేమో అని రెండేండ్లు ఎక్కువ జెప్పిన!"

ఎవరో కిసుక్కుమన్నారు. భీమన్న నవ్వలేదు. "మాటకు వయసెందుకు? నన్ను గొర్రెననుకున్నవా?"

"ముసలోళ్లు తల్లిని అవ్వ అంటున్నరు. మా అమ్మ ఈడు వాళ్లు కొందరు అవ్వ, కొందరు అమ్మ. సౌందర్య ఈడు వాళ్లందరు అమ్మనే. వయసు రాసుకుంటేనే ఆ మాట ఎప్పుడు మారిందో తెలుస్తది. ఊరు రాసుకుంటే ఎక్కడిదాక మారిందో తెలుస్తది. అంతే తాతా. మా మేడం తప్ప ఎవలు చూడరు."

"మేడం ఎవలికి చూపెడ్తదో నీకేం ఎరుక?"

నిరోష సంచిలోంచి పెన్ను తీసి, ఆయన చేతిలో ఉన్న బుక్కులోనే సౌందర్య పేరు మీద రెండు గీతలు కొట్టి, మళ్లీ ఆయన ముఖంలోకి చూసింది.

"అరవై దాటినోళ్లల్ల మగోళ్లు ఒక్కలు గూడ దొరకలే నాకు. నువ్వు చిన్నగున్నప్పుడు మీ తల్లిని ఏమని పిలుస్తుంటివి, తాతా?"

భీమన్న బుక్కు మడిచాడు. చించుతాడనుకున్నాను. మళ్లీ విప్పాడు. ఏదో ఒకటి అని ఆ నిశ్శబ్దాన్ని తెంపాలని నోరు తెరిచాను. నిరోష నా కొంగు పట్టి గుంజింది. అది ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిలబడింది. తొందర పెట్టలేదు, బతిమాలలేదు. దూరంగా రోడ్డు మీద బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. పని చేసే చెయ్యి ఒక్కటీ లేదు. ఇదే ఆఖరు రోజు నాకు ఈ చేనులో అనుకున్నాను.

భీమన్న గొంతు సవరించుకుని, బుక్కు నిరోష చేతికిచ్చాడు.

"అవ్వ అనే పిలుస్తుంటి," అన్నాడు. "అరవై మూడు. ఊరు ఇదే. రాసుకో."