రాజులమ్మ కుట్టిన విస్తరి

తెల్లారి ఆరింటికి సాయిదుర్గ షెడ్డు తలుపు తీసి అడ్డాకుల కట్టల మీద నీళ్లు చిలకరించింది. ఇరవై ఏళ్లుగా రోజూ చేసే పనే. అమ్మ పోయిన పన్నెండో రోజని ఆకు ఎండకుండా ఆగుతుందా? అరకు సంతవీధి చివర, ఈ రేకుల షెడ్డులో కూర్చునే తల్లీకూతుళ్లు ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ విస్తళ్లు కుట్టారు. ఆకు కోసే గాసి, కొండ మీంచి కట్టలు మోసుకొచ్చేవాడు. అమ్మ రాజులమ్మ వెదురు పుల్లతో చకచకా కుట్టేసేది. పులుసు కారకుండా అంచు లేపి కుట్టే పద్ధతి ఆవిడ బుర్రలో పుట్టిందే.

రాజులమ్మ విస్తరి అబద్ధం మొయ్యదు. తింటున్నవాడు అబద్ధమాడితే పుల్లలూడి, ఆకులు విడిపోయి, అన్నం నేలపాలవుతుంది. సంతలో అందరికీ తెలిసిన సంగతే. పెళ్లిసంబంధాలు మాట్లాడుకునేవాళ్లు పనిగట్టుకుని అవే కొనుక్కెళ్లేవారు. సాయిదుర్గ కుట్టినవాటికి ఆ గుణం అబ్బలేదు. అమ్మ చేతివి ఇంక మూడే మిగిలాయి.

ఎనిమిదింటికి అన్నయ్య లక్ష్మీప్రసాద్ వైజాగ్ నుంచి కారులో దిగాడు. డిక్కీ నిండా థర్మోకోల్ ప్లేట్లు.

"ఇవేటన్నయ్యా?"

"భోజనాలకే. షెడ్డు తీసుకునే పార్టీవాళ్లు కూడా వత్తన్నారు. ఆకుల్లో పెడితే నామోషీ."

షెడ్డు పడగొట్టి అక్కడ కాఫీషాపు పెట్టాలని వాళ్ల ఆలోచన. ఈ మాట సాయిదుర్గ సంతలో విన్నదే గానీ, తనతో ఎవరూ అనలేదు. విస్తళ్లు కుట్టి వీణ్ణి ఇంజనీరింగ్ చదివించిన మనిషి కర్మకి థర్మోకోల్ ప్లేట్లు. అది చాలదన్నట్టు షెడ్డు గుమ్మానికి మేకు కొట్టి ఫ్లెక్సీ వేలాడదీశాడు. అమ్మ ఫోటో కింద 'ప్రముఖ వ్యాపారి కీ.శే. సింహాచలం గారి ధర్మపత్ని' అని రాయించాడు. సింహాచలం గారి వ్యాపారమల్లా పేకాటే. సాయిదుర్గకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నం పంక్తి వేశారు. కర్మ చేసిన కొడుకు మాత్రం ఆకులోనే తినాలని పంతులుగారు పట్టుబట్టారు. సాయిదుర్గ లోపలికెళ్లి అమ్మ కుట్టిన విస్తళ్లు తెచ్చి, ఒకటి అన్న ముందు పరిచింది. ఏ విస్తరో చూసుకోకుండా కూర్చున్నాడు. షెడ్డు ఛాయలకి వచ్చి ఎన్నేళ్లయిందో, మర్చిపోయినట్టున్నాడు.

పప్పు వడ్డించాక, అమ్మ తమ్ముడు జగన్నాథరావు మావయ్య కదిపాడు. "షెడ్డు సంగతేట్రా ప్రసాదూ? నలుగురూ ఉన్నారు, తేల్చీ."

"తేల్చడానికేటుంది మావయ్యా? నాన్న కట్టిన షెడ్డది. పోయేముందు అమ్మ నన్ను పిల్చి, నీదేరా అని సెప్పింది."

టపటపా పుల్లలూడాయి. పప్పన్నం పంచె మీదకి జారింది. ఎవరో చీపురు తెచ్చారు.

"ఆడికింకో ఆకెయ్యమ్మా," అన్నాడు మావయ్య.

సాయిదుర్గ రెండోది వేసింది.

"అది కాదు మావయ్యా," అన్నాడు లక్ష్మీప్రసాద్. "సెల్లిని అడిగాను. ఒప్పుకుంది."

ఆ ఆకూ విడిపోయింది. ఈసారి సాంబారు.

మూడోది సాయిదుర్గ చేతిలో ఉండిపోయింది. అన్న మీద కోపం సరే. కానీ అమ్మ మీద కూడా ఒళ్లు మండుకొస్తోంది. ఎవరు మెచ్చుకున్నా, "నాదేటుంది, అంతా ఆయన సలవే" అనేది అమ్మ. ఊరందరికీ ఆకులు కుట్టి, తను మాత్రం వంటింట్లో నిలబడి స్టీలు కంచంలో తినేది. నువ్వెందుకు ఆకులో తినవంటే, "ఆ వాసన పడదే" అనేది. రోజంతా ఆకుల మధ్య కూర్చునే మనిషికి వాసన పడకపోవడమేమిటో సాయిదుర్గకి ఇప్పుడు తెలిసింది. మొగుడి పరువు కోసం నలభై ఏళ్లు తన ఆకుకే భయపడి బతికింది.

సాయిదుర్గ వెళ్లి మగాళ్ల పంక్తిలో, అన్నకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మూడో విస్తరి పరిచి, అన్నం పెట్టుకుని, నిండా పులుసు పోసుకుంది.

"ఈ షెడ్డు అమ్మ కుట్టి సంపాదించింది. నాన్న ఒక్క రేకు కూడా కొన్లేదు. ఇరవై ఏళ్లు నానూ కుట్టాను. అమ్మ మీ అందరి కోసం అబద్ధమాడింది. నానాడను. షెడ్డివ్వను."

అందరూ విస్తరి వంకే చూశారు. ఒక్క పుల్ల కదల్లేదు. చుక్క పులుసు కారలేదు. పార్టీవాళ్లు చేతులు కడుక్కుని కారెక్కారు. లక్ష్మీప్రసాద్ తల వంచుకుని పంచె తుడుచుకుంటున్నాడు. మావయ్య తన థర్మోకోల్ ప్లేటు పక్కకి తోసి, "దానికి మజ్జిగ తెండి," అన్నాడు.

సాయిదుర్గ మెతుకు మిగల్చకుండా తింది. కర్మ భోజనంలో ఆకు అవతలికి మడవాలి. ఆమె మడవలేదు. బావి దగ్గర కడిగి, తీసుకెళ్లి, గుమ్మానికున్న ఫ్లెక్సీ పీకేసి, ఆ మేకుకే తగిలించింది.