గూడబాతు వెనకాల నడక

పొద్దున్నే మాత్ర వేసుకుని, అది ఒంటికి పట్టాక, ఎలీయాజరు వరండా స్తంభం పట్టుకుని కాళ్లు పైకెత్తి వేసేవాడు. వయసంతా కొల్లేట్లో దోనె నడిపిన మనిషి. పార్కిన్సన్స్ వచ్చాక గుమ్మం దాటాలన్నా కాళ్లు నేలకి అతుక్కుపోతున్నాయి.

"ఇంకాస్త పైకి ఎత్తండి," అంటూ భార్య సారమ్మ పక్కనే నిలబడేది.

మాత్రల మోతాదు పెంచిన నెలలో ఇంట్లోకి గూడబాతులు వచ్చాయి. మంచం మీద, బీరువా మీద, వంటగట్టు మీద, సంచిలాంటి ముక్కులు గుండెలకి ఆనించుకుని కూర్చునేవి. సారమ్మ వాటి మధ్యలోంచే ఊడ్చుకునేది. చూడ్డానికొచ్చినవాళ్లు కుర్చీలో ఉన్నదాన్ని లేపి కూర్చునేవారు.

ఏలూరులో డాక్టరు గ్రేస్ అడిగింది. "లేనివేమైనా కనపడుతున్నాయా అండీ?"

"గూడబాతులండి," అన్నాడు ఎలీయాజరు.

"నాకూ కనపడతన్నాయండి. ఇల్లంతా రెట్టలే," అంది సారమ్మ.

డాక్టరు తలూపింది. "ఈ మందుకి అలా వస్తుంటాయమ్మా. మోతాదు తగ్గిస్తాను, పోతాయి. కాకపోతే ఒళ్లు బిగుసుకుంటుంది. వ్యాయామం మాత్రం మానొద్దు."

అన్నట్టే పక్షులు వెళ్లిపోయాయి. వాటిలో ఒక ముసలి గూడబాతు మాత్రం మిగిలింది. ఎలీయాజరు అడుగు మరీ చిన్నదైపోయింది. అయినా రోజూ చేపల చెరువు గట్టు మీద నడిపించేది సారమ్మ.

వాన వెలిసిన ఓ సాయంత్రం గట్టు మధ్యలో అతని కాళ్లు ఆగిపోయాయి. వెనక నుంచి చేపల లారీ వస్తోంది. డ్రైవరు బ్రేకు తొక్కినా బురదలో చక్రాలు జారుతూనే ఉన్నాయి.

"ఏవండీ, కదలండి!" సారమ్మ చెయ్యి పట్టి లాగింది. మనిషి కొయ్యలా ఉన్నాడు.

ఆ ముసలి గూడబాతు అతని ముందు వాలింది. ఎగరకుండా నడిచింది. ఒక పాదం ఎత్తి, గాల్లో ఆపి, మెల్లగా వేసింది. తర్వాత రెండోది. ఆ పాదాలనే చూస్తున్న ఎలీయాజరు మడమ లేచింది. పక్షి గట్టు అంచుకి తిరిగింది. అతనూ తిరిగాడు, సారమ్మనీ తనతో లాక్కుంటూ. లారీ వాళ్లని రాసుకున్నట్టే జారిపోయి, అవతల ఆగింది. డ్రైవరు దిగి, చెప్పులు విప్పి నిలబడ్డాడు.

పక్షి ఆగలేదు. ఎలీయాజరూ ఆగలేదు. సారమ్మ చెయ్యి వదిలేసి, రెండు చేతులూ ఊపుకుంటూ, కొల్లేటి నీళ్లు మెరుస్తున్న వైపు బారలు బారలుగా అడుగులేస్తున్నాడు. చెరువుల మీది పక్షులన్నీ అరవడం మానేశాయి. సారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

చాలా దూరం వెళ్లాక అతను వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఏంటే, అక్కడే నిలబడిపోయావు? నడు!"