వెనక గేటు ఛార్జి

ఛత్తీస్‌గఢ్‌లో గతౌరా వైపు పోయే రోడ్డు మీద, రిటైరైన తెలుగువాళ్ల కోసం కట్టిన ఆ కాలనీకి రెండు గేట్లు. ముందు గేటు కార్లకి. వెనక గేటు మనుషులకి. ఆ వెనక గేటు తాళంచెవి నాలుగేళ్లపాటు అప్పలకొండ మొలతాడుకే వేలాడింది. ముప్పై రెండేళ్లు లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటుమన్‌గా చేసినవాడు మరి. రైలొస్తే గేటు వెయ్యాలి, రైలు పోతే తియ్యాలి. బతుకంతా ఈ రెండు ముక్కల మీదే నడిచింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, పొద్దున్న ఆరుకి తీసి సాయంత్రం ఆరుకి వేసే పని తనంతట తనే పెట్టుకున్నాడు.

గోడకి ఆవల బస్తీ. అక్కణ్ణుంచి సుఖ్‌వారో ఆకుకూరల తట్టతో వచ్చేది. ఆడపిల్లలు పలకలు పట్టుకుని ఉషారాణి టీచరు వరండాలో లెక్కలు నేర్చుకోడానికి వచ్చేవారు. నిరుడు శ్రావణంలో అప్పలకొండ భార్య చిన్నమ్మి పోయింది. ఆ రోజు కుండపోత వాన. కాలనీలో అందరూ డెబ్బై దాటినవాళ్లే. ఒకరికి మోకాళ్లు, ఒకరికి గుండె. పాడె ఎత్తడానికి నాలుగు భుజాలు దొరకలేదు. సుఖ్‌వారో మొగుడూ మరుదులూ ఆ గేటులోంచే వచ్చి, పిక్కలోతు బురదలో చిన్నమ్మిని కాటిదాకా మోశారు. కూలీ మాటెత్తితే చెవులు మూసుకున్నారు.

అలాంటి గేటు మూతపడి పదకొండు రోజులు. మూయించినవాడు కాలనీ ప్రెసిడెంటు సుబ్బరామయ్య, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగినాయన. చెడ్డవాడు కాదు, అదే తంటా. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. కాలనీలో జరిగే కార్యక్రమానికి ముఖ్య అతిథి వస్తున్నాడనీ, గేటు దగ్గర తట్టలూ బుట్టలూ ఫోటోల్లో బాగుండవనీ ఒక కాగితం తెచ్చాడు. 'తదుపరి ఉత్తర్వుల వరకు వెనక గేటు మూసి ఉంచవలెను.' ఆ తదుపరి ఉత్తర్వులు ఎప్పటికీ రావని రైల్వేలో పనిచేసిన ఎవడికైనా తెలుసు. అప్పలకొండకీ తెలుసు. తెలిసీ, కాగితం రెండుసార్లు చదివి, గేటు వేసి, బాధ్యత చేతులు మారితే రాసుకునే ఛార్జి పుస్తకంలో రాసి, సంతకం తీసుకుని మరీ తాళంచెవి అప్పగించాడు. రాతలో ఆర్డరు కనబడితే ఆ చెయ్యి మనసుని అడగదు. ఊచలకి అవతల సుఖ్‌వారో తట్ట నెత్తిన పెట్టుకుని అంతా చూస్తూనే ఉంది.

అందుకే అతని కోపంలో సగం సుబ్బరామయ్య మీదైతే, సగం తన చేతి మీద.

ఇవాళ ముందు గేటుకి బ్యానరు కట్టారు. పొరుగు బస్తీని కాలనీ దత్తత తీసుకుంటోందట! ఇంటికో బకెట్టు, ఓ దుప్పటి. గోడ పక్కనే ఉన్న ఆడవాళ్లు రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగొచ్చి ఎండలో వరసకట్టారు. గార్డు ఒక్కొక్కరి ఆధార్ కార్డూ తిప్పితిప్పి చూస్తున్నాడు.

"ఏటన్నయ్యా, అలాగ గుడ్లురుముతున్నావు?" అంది ఉషారాణి.

"దత్తతట! మనల్ని మోసినోళ్లని మనం పెంచుకుంతామట! సిగ్గునేదేటి ఈళ్లకి?"

"అచ్ఛా. తాళమేసింది మాత్రం నువ్వే కదా."

ఆ మాట పుండు మీద కారమే అయింది. అప్పలకొండ గదిలోకి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచాడు. ఎర్ర జెండా అడుగున ఉంది. అంచు చిరిగితే చిన్నమ్మి కుట్టిన కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

అతిథి కారు మలుపు తిరిగేసరికి అప్పలకొండ రోడ్డు నడిమధ్య నిలబడి, రెండు చేతులా జెండా చాచి పట్టుకున్నాడు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి చివరికి బ్రేకు వేశాడు. సుబ్బరామయ్య పూలదండతోనే పరుగెత్తుకొచ్చాడు.

"అప్పలకొండ గారూ, ఏమిటండీ ఇది! తప్పుకోండి, అతిథి కారండీ!"

"ఏ రైలొత్తందని గేటేయించినారు బావూ? పదకొండు రోజులయింది. నాను ఏ రైలూ సూణ్ణేదు. రైలు నేకండా గేటేసి జనాన్ని ఎండలో నిలబెట్టడం నా సర్వీసులో నేదు. ఆ పాపిష్టి పని మీరు నా సేత సేయించినారు."

"తర్వాత మాట్లాడుకుందాం. మనం వాళ్లకి సాయమే కదండీ చేస్తున్నాం?"

"సాయమా? మా ఇంటిది పోతే మీరు బాల్కనీలోంచి దండమెట్టినారు. ఆళ్లు భుజమెట్టినారు. ఆళ్ల సేతికి బకెట్టిచ్చి ఫోటో తీయించుకుంతారా?"

వరసలో ఆడవాళ్లు ఇటు తిరిగారు. సుబ్బరామయ్య మొహం ఎర్రబడి, మెల్లగా పాలిపోయింది. ఆ రోజు బాల్కనీలో నిలబడ్డమాట నిజమే. కారు అద్దం దించి అతిథి వాచీ చూసుకున్నాడు.

"సరే, మీకేం కావాలో చెప్పండి" అన్నాడు సుబ్బరామయ్య గొంతు తగ్గించి.

"తాళం. సంతకంతో ఇచ్చినాను, సంతకంతోనే ఇవ్వండి."

ప్రెసిడెంటు జేబులోంచి తాళంచెవి తీసిచ్చి, అప్పలకొండ అందించిన పుస్తకం కారు బానెట్ మీదే పెట్టి సంతకం చేశాడు. అప్పలకొండ జెండా మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి చూడకుండా నడిచాడు. కారు లోపలికి పోయిందో, వెనక్కే పోయిందో అతనికి పట్టలేదు.

వెనక గేటు బార్లా తీశాడు. ఎవరూ రాలేదు. చాలాసేపటికి సుఖ్‌వారో ముందు గేటు వరసలోంచి గోడ చుట్టూ తిరిగొచ్చి గడప అవతలే ఆగింది. ఆమెది ఛత్తీస్‌గఢీ, అతనిది వచ్చీరాని హిందీ. నాలుగేళ్లుగా ఆ రెంటితోనే సరిపెట్టుకుంటున్నారు. అతన్ని ఆమె పిలిచేది బబా అని, అంటే తాత.

"రా" అన్నాడు.

ఆమె కదల్లేదు. "నా కళ్లముందే వేశావు బబా. నీ చేత్తోనే వేశావు. రేపు ఇంకో కాగితం వస్తే?"

పొద్దుటినుంచీ ఊరందరి మీదా పడ్డ అప్పలకొండ కోపం ఇక్కడికొచ్చి తనమీదే వాలింది. నిజమే, రేపు ఇంకో కాగితం వస్తే ఈ చెయ్యి మళ్లీ లేస్తుంది.

మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, పుస్తకంతో సహా ఆమె చేతిలో పెట్టాడు. "ఛార్జి నువ్వు తీసుకో. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"నాకు చదవడం రాదు. మీ సాహెబ్ ఆర్డరు రాసి పంపిస్తే నేనేం చెయ్యను?"

"అందుకే నీకిస్తున్నాను. నాకు చదవడం వచ్చు. నా దరిద్రమే అది."

సుఖ్‌వారో తాళంచెవిని కొంగున ముడేసుకుంది. ఆ తర్వాతే గేటు దాటి లోపలికొచ్చింది.