తల్లి రక్తం

తెనాలి కాలేజీలో రక్తదాన శిబిరం జరిగిన కొన్నాళ్లకు ఫరూక్‌కి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడతను రేపల్లె వెళ్లే రైల్లో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అవతలి ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది.

"మీ రక్తంలో హెపటైటిస్ బి ఉన్నట్టు కనిపించిందండి. కంగారు పడకండి. డాక్టర్ గారిని కలవాలి. అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి."

వేమూరు దాటేదాకా ఆ మాటలే చెవుల్లో తిరిగాయి. పద్దెనిమిదేళ్లు నిండగానే రక్తం ఇవ్వాలని సరదాపడ్డాడు. ఒంట్లో నలత లేదు, కళ్లు పచ్చబడలేదు. ఫోన్లో వెతికితే కాలేయం చెడిపోవడం, క్యాన్సర్ అన్న మాటలు కనబడ్డాయి. తెర ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

ఎలా వచ్చిందో తనకు తెలుసనే అనుకున్నాడు. వేసవిలో స్నేహితుడు అభిరామ్‌తో బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్లినప్పుడు, తీరంలో ఒకడు గొడుగు కింద కూర్చుని టాటూలు వేస్తున్నాడు. ముందు అభిరామ్ వేయించుకున్నాడు. సూది మార్చకుండానే ఫరూక్ చేతికీ వేశాడు. ఇంట్లో పచ్చబొట్టు ఒప్పుకోరు కాబట్టి అప్పటినుంచీ పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటున్నాడు.

ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. తండ్రి ఖాజా మొహిద్దీన్ రైసు మిల్లుల్లో మోటార్లు బాగుచేస్తాడు. ఆయన ఆ చేతి వంక చూసి బయటికి వెళ్లిపోయాడు. తల్లి షబీనా మాత్రం ఆగలేకపోయింది.

"ఎంతమందికి పొడిచిన సూదిరా అది? ఒక్కసారైనా ఆలోచించుకోలేదా?"

"తప్పయింది అమ్మీ."

ఆ పూటే ఆమె కొడుకు కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టింది. పెట్టేటప్పుడు అతని మొహం చూడలేదు.

డాక్టర్ తనూజ తెనాలిలో కూర్చుంటుంది. ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదట కంచం సంగతే తేల్చింది.

"కలిసి తింటే రాదమ్మా. దగ్గితే, ముట్టుకుంటే రాదు. ఇది రక్తంతో వచ్చేది. ఒకరికి వాడిన సూదులు, మంగలి షాపులో మార్చని బ్లేడు, ఒకరి రేజర్ ఇంకొకరు వాడటం, రక్షణ లేని కలయిక. ఇంకోటి, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి."

ఫరూక్ తన చెయ్యి చూపించి, అభిరామ్‌తో పాటు టాటూ వేయించుకున్న సంగతి చెప్పాడు.

"టాటూ వల్ల రావచ్చు, కాదనను. ఆ అబ్బాయినీ పరీక్ష చేయించుకోమను. కానీ నీ రిపోర్టులు చూస్తే ఇది కొత్తగా వచ్చినట్టు లేదు. ఇంట్లో అందరికీ పరీక్ష చేద్దాం."

ఫలితాలు వచ్చేదాకా షబీనా దేని మీదా మనసు పెట్టలేకపోయింది. అన్నం మాడ్చింది. భర్త పిలిస్తే రెండోసారికి గానీ పలకలేదు. కొడుకు నిద్రపోతుంటే పక్కన నిలబడి ఊపిరి చూసేది.

మొహిద్దీన్‌కి ఏమీ లేదు. అతనికి టీకా మొదలుపెట్టారు. అభిరామ్‌కీ లేదని తేలింది, అతనూ టీకా వేయించుకున్నాడు. షబీనాకి ఉంది. ఎప్పటినుంచో ఉంది.

"అంటే నేనే ఇచ్చానా?" అని అడిగింది షబీనా.

"మీకు తెలీదు కదమ్మా. మీకూ బహుశా మీ అమ్మగారి నుంచే వచ్చుంటుంది."

షబీనా తల్లి పొట్ట ఉబ్బి, కామెర్లతో పోయింది. ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు. ఫరూక్ ఇంట్లోనే పుట్టాడు, మంత్రసాని చేతిలో. పుట్టగానే వేసే టీకా ఒకటుందని అప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఫరూక్ కాలేయం బాగానే ఉంది, ప్రస్తుతానికి మందులక్కర్లేదు, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలంది డాక్టర్. మద్యం జోలికి వెళ్లొద్దని, పసర్లు తాగొద్దని గట్టిగా చెప్పింది. షబీనాకి మాత్రం రోజూ మాత్ర వేసుకోమంది. తిరుగు రైల్లో షబీనా కొడుకు పక్కనే కూర్చుంది. ఇంటికొచ్చాక గూట్లో ఉన్న కొడుకు కంచం తీసి తోమి అందరి కంచాలతో కలిపి పెట్టింది. తన కంచం తీసి పక్కన పెట్టుకుంది.

ఫరూక్ అది చూశాడు. ఆమె పక్కన పెట్టుకున్న కంచంలోనే ఇద్దరికీ అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"డాక్టర్ గారు చెప్పింది విన్నావుగా అమ్మీ."

ఆమె ఒక ముద్ద తిని ఆగిపోయింది. "రిహానా," అంది.

రిహానా ఆమె చెల్లెలు, ఈపురుపాలెంలో నేతగాడి భార్య. ఆరో నెల. ఒకే తల్లి కడుపున పుట్టారు.

మర్నాడే షబీనా బస్సెక్కి చెల్లెలి దగ్గరికి వెళ్లింది. రిహానా మొదట విసుక్కుంది. "నాకేం లేదక్కా. ఊళ్లో తెలిస్తే మా అత్తగారి ముందు తలెత్తుకోలేను" అంది.

"నా గురించి చెప్పుకో. నాకుందని చెప్పు. పరీక్ష మాత్రం చేయించుకో."

పరీక్షలో రిహానాకీ ఉందని తేలింది. రక్తంలో వైరస్ ఎక్కువగా ఉండటంతో డాక్టర్ తనూజ కాన్పుకి ముందే మాత్రలు మొదలుపెట్టింది. బిడ్డ పుట్టగానే టీకాతో పాటు ఇంకో ఇంజెక్షనూ పడాలని, ఆలస్యం చేస్తే గుణం తగ్గుతుందని చెప్పింది. ఆ ఇంజెక్షను అన్నిచోట్లా దొరకదు. ఫరూక్ బాపట్లంతా తిరిగి, అది ముందే తెప్పించి ఫ్రిజ్‌లో ఉంచే ఆస్పత్రి ఒకటి చూసి వచ్చాడు.

నొప్పులు రాగానే అక్కడికే తీసుకెళ్లారు. కాన్పు గది బయట షబీనా కుదురుగా కూర్చోలేకపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ సంగతి అడిగొచ్చింది. ఏడుపు వినబడినా ఆమెకి సంతోషం రాలేదు. నర్సు బ్లెస్సీ బయటికి రాగానే ఎదురెళ్లింది.

"వేశారా అమ్మా? రెండూ వేశారా?"

"వేశామండి. ఒక్కో తొడకి ఒకటి. ఆడపిల్ల. మిగతా డోసులు మర్చిపోకండి, ఏడాది నిండాక పరీక్ష చేయించాలి."

ఏడాది ఆగాలన్నమాట. షబీనా గోడకి ఆనుకుంది. లోపల రిహానా బిడ్డని ఎత్తుకోవడానికి భయపడుతూ అక్క కోసం చూస్తోంది.

"పాలివ్వచ్చా అక్కా?"

షబీనా బ్లెస్సీ వంక తిరిగింది.

"ఇవ్వచ్చండి. సూదులు పడ్డాయిగా" అంది బ్లెస్సీ.

షబీనా పాపను రెండు చేతులతో ఎత్తి చెల్లెలి ఒళ్లో పడుకోబెట్టింది.