పదిహేడో నంబరు లాప్‌టాప్

వెనక గదిలోంచి వాసన వస్తోందని మాస్టారి భార్య మూడు రోజులుగా మొత్తుకుంటోంది. కుళ్ళు వాసన కాదు. గోళ్ళరంగు సీసా మూత తీస్తే గుప్పుమంటుందే, అలాంటి తియ్యటి వాసన.

"ఎలకేదో చచ్చుంటుంది. మీ పాత సామానంతా తీస్తే తప్ప దొరకదు," అందావిడ.

మాస్టారు ముప్పై ఏళ్ళు డీటీపీ షాపు నడిపినవాడు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు లెక్కలేనన్ని ఆయన చేతిమీదుగా పోయాయి. కొన్న యంత్రాన్ని మాత్రం ఒక్కదాన్నీ పోనివ్వలేదు. మొదటి కంప్యూటరు మొదలుకొని మొన్న పగిలిన టాబ్లెట్ దాకా యాభై మూడు వస్తువులు ఆ గది అరల్లో కొలువుదీరి ఉన్నాయి. వీధిలోవాళ్ళు ఆయన్ని మ్యూజియం మాస్టారనే పిలుస్తారు. ఏడాదికోసారి గీతల పుస్తకం ముందేసుకుని కూర్చుని, ఒక్కోదాన్నీ తుడిచి, ఆన్ చేసి, పనిచేస్తే "బాగుంది" అనీ, లేకపోతే "పోయింది" అనీ రాసుకుంటాడు. పదిహేడో నంబరు ఎదురుగా మాత్రం పద్నాలుగేళ్ళుగా ఒకటే మాట పడుతోంది: "తెరవలేదు."

ఆ ఆదివారం పొద్దున్నే లెక్క మొదలుపెట్టాడు. ఎలక దొరకలేదు. దొరికినవి చూస్తుంటే ఎలకే నయమనిపించింది. రెండు ఫోన్ల వెనక మూతలు వాటంతటవే ఊడి పక్కన పడి ఉన్నాయి. కెమెరా అడుగున రేకు పెదవి విప్పినట్టు తెరుచుకుంది. మధ్య అరలో ఉన్న సొరుగు లాగితే రాలేదు. లోపలున్నదేదో పైకి లేచి పట్టేసింది. ఆ వాసన అక్కణ్ణుంచే.

"దాంట్లో ఏముంది?" గుమ్మంలోంచి అడిగింది భార్య.

"పాతదేదో."

"అన్నీ పాతవేగా! దీనికే మొహం అంతలా పాలిపోయిందేం?"

ఇనప స్కేలు దూర్చి సొరుగు పెకలించాడు. పదిహేడో నంబరు లాప్‌టాప్ అడుగు కప్ప పొట్టలా ఉబ్బిపోయింది. కీబోర్డు వంగి, మీటలు రెండు లేచిపోయి, మూత సగం తెరుచుకుని ఉంది.

భార్య అప్పటికే సెల్‌ఫోన్ రిపేరు షాపు నడిపే ఆవిడకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "మాస్టారూ, బ్యాటరీ ఉబ్బింది. దాన్ని గుచ్చకండి, నొక్కకండి. పొరపాటున కూడా ఛార్జింగ్ పెట్టకండి," అందావిడ. "మంట లేస్తే పొయ్యడానికి ఓ బకెట్ ఇసక దగ్గర పెట్టుకోండి. గంటలో వచ్చి పట్టుకెళ్తా."

పట్టుకెళ్తుంది. షాపులో విప్పుతుంది. లోపలేముందో చూస్తుంది.

పద్నాలుగేళ్ళ కిందట ఓ అపార్ట్‌మెంట్ మేనేజరు ఆయన దగ్గరికి లిఫ్టు తనిఖీ సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. గడువు దాటిపోయింది, ఏడాది ఒక్కటీ మార్చి పెట్టమన్నాడు. ఒక్క అంకే కదా అనుకున్నాడు మాస్టారు. ఇంట్లో ఈ లాప్‌టాప్ మీద మార్చి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి మేనేజరు చేతికే ఇచ్చి షాపుకి పంపాడు. షాపులో ఉన్నది ఆయన బావమరిది, అంటే భార్య సొంత తమ్ముడు. ఏమిటో ఎందుకో చూడకుండా ప్రింటు తీసి ఇచ్చేశాడు. నెల తిరక్కుండా ఆ లిఫ్టు నాలుగో అంతస్తు నుంచి తెగిపడింది. లోపలున్న ఎలక్ట్రీషియన్ నడుం విరిగి మంచానపడ్డాడు. మేనేజరు పరారయ్యాడు. ప్రింటు తీసిందెవరని పోలీసులు అడిగితే బావమరిది పేరే వచ్చింది. మాస్టారు నోరు మెదపలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే మూడేళ్ళ శిక్ష పడింది, అతను అనుభవించి వచ్చాడు కూడా. అప్పట్నుంచీ అక్క గడప తొక్కలేదు. "నా తమ్ముడు అలాంటివాడు కాదండీ" అని ఆవిడ అన్నప్పుడల్లా, "నేనూ అదే అంటున్నాగా" అనేవాడు మాస్టారు.

"వీధి చివర ఇల్లు కడుతున్నారుగా, ఓ బకెట్ ఇసక అడిగి తీసుకురా," అన్నాడు భార్యతో.

ఆవిడ గేటు దాటగానే పాత ఛార్జర్ వెతికి ప్లగ్గు పెట్టాడు. రెండు నిమిషాలు చాలు. ఫైలు చెరిపేస్తే సరి. మీట నొక్కితే తెర వెలిగింది. పద్నాలుగేళ్ళు మూసిపెట్టిన సంగతే ఎరగనట్టు పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు, తప్పు. ఇంకొకటి కొట్టాడు, అదీ తప్పే. కింద పొట్టలోంచి బుస్సుమని చప్పుడొచ్చింది. పాము అనుకున్నాడు. చూపు కిందికి దించేలోగా తెల్లటి పొగ మొహాన కొట్టింది. దాని వెనకే నీలంగా మంట.

చెయ్యి లాక్కున్నాడు, కానీ ఆలస్యమైంది. కరిగిన మీట ఒకటి వేళ్ళకి అంటుకుని వచ్చింది.

"అయ్యో, ఏం చేశారండీ!" పరిగెత్తుకొచ్చిన భార్య ముందు గోడమీద స్విచ్చి కట్టేసి, బకెట్ ఇసక ఒక్క ఊపున కుమ్మరించింది. మంట ఇసక కిందనుంచి రెండుసార్లు లేచి చచ్చింది.

రిపేరు షాపావిడ వచ్చేసరికి మాస్టారు కుళాయి కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ ఇసకంతా చల్లారేదాకా ఆగి, మందపాటి గ్లౌజులు తొడుక్కుని పని మొదలెట్టింది. కాసేపటికి లోపల్నుంచి అగ్గిపెట్టెకి రెండింతలుండే ముక్క ఒకటి బయటికి తీసింది.

"అదృష్టవంతులు మాస్టారూ! బ్యాటరీ ఓ పక్క, హార్డ్‌డిస్కు ఇంకో పక్క ఉన్నాయి. మీ ఫైళ్ళకేం కాలేదు. పాస్‌వర్డ్ లేకపోయినా నేను తీసిస్తా."

భార్య డిస్కు వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఛార్జింగ్ పెట్టొద్దని మీ ముందే చెప్పింది. నన్ను బయటికి పంపి మరీ పెట్టారు. దీంట్లో ఏముంది?"

"ఏదో..."

"నా మొహం చూసి చెప్పండి."

ఆయన చెప్పాడు. నిలబడి మొదలుపెట్టినవాడు చెప్పేసరికి కుళాయి పక్కనే నేలమీద కూలబడిపోయాడు. రిపేరు షాపావిడ డిస్కుని బల్లమీద పెట్టి, గ్లౌజులు తీసుకుంటూ వాకిట్లోకి నడిచింది. భార్య ఏడవలేదు, కేక వెయ్యలేదు. అదే మాస్టారిని ఎక్కువ భయపెట్టింది. ఆవిడ డిస్కు తీసి కొంగున ముడేసుకుని ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. నాలుగుసార్లు కట్ చేశాడు తమ్ముడు. ఐదోసారి ఎత్తాడు.

"పెట్టెయ్యకురా. ఆ అంకె మార్చిందెవరో తెలిసింది. మా ఇంట్లోనే ఉన్నాడు."

స్పీకర్లోంచి నింపాదిగా మాట వచ్చింది.

"వస్తున్నానక్కా. బావని ఎక్కడికీ కదలనివ్వకు."

ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, కుర్చీ లాక్కొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.