సోమక్క జంపఖానా ధర

పొద్దున ఏడింటికి నల్లా నీళ్ళు పట్టి, చాయ్ తాగి, సోమక్క మగ్గం గుంటలోకి దిగుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సోమవారం దాటితే అందులో ఆమె ఇల్లు కూడా ఉండదు. మగ్గాన్ని, నూలు ఇచ్చి నేయించుకునే హరికృష్ణ సేటు కొంటున్నాడు. దాని మీద నేయించడానికి కాదు, హన్మకొండలో కడుతున్న ఒక హోటల్లో పెట్టడానికి, వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి. మూడు నెలలు నూలు ఇవ్వకుండా ఆపి, పొయ్యి చల్లారాక వచ్చి మగ్గం అడిగాడు. సోమక్క ఒప్పుకుంది. ఒకటో తారీఖు నుంచి ఒక అపార్ట్‌మెంట్‌లో వంటపని మాట్లాడుకుంది.

నేసిన ఆఖరి జంపఖానా ఒకటి మిగిలింది. దాన్ని చెల్లెలి బిడ్డ నవ్య తన ఆన్‌లైన్ దుకాణంలో పెడతానంది. ఫోటో తీసి, ధర ఎంత పెట్టాలని పెద్దమ్మను అడిగింది.

కొత్తవాడలో ఆ ప్రశ్న నేసేవాళ్ళను ఎవరూ అడగరు. ధర సేటు చెబుతాడు, నేసినవాళ్ళు చేయి చాపుతారు. ఉల్లిగడ్డలమ్మేవాడు తన ధర తను చెబుతాడు, చెప్పులు కుట్టేవాడు చెబుతాడు, వీళ్ళు మాత్రం చెప్పకూడదు. ఏ మహానుభావుడు పెట్టిన రివాజో కానీ, వాడి నోట్లో మట్టి పడ! కాబట్టి సోమక్కకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఎన్నాళ్ళు పట్టిందని అడుగుతోందనుకుంది.

"పదకొండు దినాలు" అంది.

నవ్య చెవి దగ్గర ఇంకో ఫోన్. ధర గడిలో విన్నది విన్నట్టే టైపు చేసేసింది. కొనేవాళ్ళకు వాళ్ళ వాళ్ళ లోకల్ లెక్కలో ధర చూపించాలా అని యాప్ అడిగితే, చూపించమని నొక్కింది. పోయిన నెల ఎవరో జర్మనీ ఆమె రూపాయలు తెలియవని తిరిగిపోయింది మరి.

మర్నాడు ఎదురింటి ఆటో ఖాజా పాషా ఫోన్ పట్టుకుని వచ్చాడు. అతని ఫోన్లో జంపఖానా ధర, కాజీపేట స్టేషన్ ముందు కిరాయి లేని నలభై గంటలు. జర ఎక్కువైతుందని, ముప్పైకి రానీయమని బేరం పెట్టాడు. నవ్య రేటు మారదంది. పాషా గొణుక్కుంటూ నాలుగు రోజులు స్టేషన్ ముందు కిరాయి లేకుండా ఎండలో నిలబడ్డాడు. ఐదో రోజు నవ్య ఖాతాలో రూపాయలు పడ్డాయి, పాషా జంపఖానా పట్టుకుపోయాడు. ఇలాంటిదే ఇంకొకటి నేసిస్తారా అని వర్ధన్నపేట నుంచి యాకమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. ఆమెకు ధర ఆరు రోజుల మిర్చి ఏరుడుగా కనబడింది. జర్మనీ ఆమెకు సూర్యుడు రాని రెండు వారాలు. ఆ వారంలోనే ఏడు ఆర్డర్లు వచ్చాయి.

సోమక్క తల మాత్రం పడుగు చిక్కుపడ్డట్టే ఉంది.

"ఇందుల అసలు ధర ఏది బిడ్డా?"

"అన్ని అసలువే పెద్దమ్మా. ఎవల లోకల్ వాళ్ళకు."

"మరి పాషా నిలబడ్డ గంటలు యాడికి పోయినయ్?"

"మనకైతే రూపాయలు పడ్డయ్. నడుమ ఎట్ల మారుతయో కంపెనీవాళ్ళకే తెల్వాలె."

ఏడు జంపఖానాలు ఎక్కడ నేస్తుంది? మగ్గమే పోతోంటే! మాట ఇచ్చింది కదా. మాట తప్పిన పేరు ఆ వాడకట్టులో ఆమెకు లేదు. అట్లని ఆర్డర్లు తిప్పి పంపడానికీ చేతులు రాలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు.

సోమవారం సేటు ట్రాలీ ఆటోతో, ఇద్దరు హమాలీలతో వచ్చాడు. హోటల్‌వాళ్ళు బిల్లు అడుగుతున్నారన్నాడు. అయితే తన ఆన్‌లైన్ దుకాణంలోనే కొనమని నవ్య మగ్గం ఫోటో కూడా ఎక్కించింది. ధర అడిగితే ఈసారి కూడా సోమక్క తనకు తెలిసిన లెక్కే చెప్పింది, ముప్పై ఒక్క ఏళ్ళని. సేటు ఫోన్ తెరిచాడు. చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి, గడప మీద కూర్చున్నాడు.

"ఇదేం రేటు సోమక్కా? ముప్పై ఒక్క ఏళ్ళు షట్టర్ బంద్ అని చూపిస్తాంది. మనం పదిహేను వేలు అనుకున్నం గద."

"మీరనుకున్నరు. నేను చెయ్యి చాపిన."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"సగం జెయ్యి. పాత పరిచయం మనది."

సోమక్క మగ్గం వంక చూసింది.

"నాకు ఒక్క దినం గూడ తగ్గలే సేటూ. మీకెట్ల తగ్గుతది?"

హమాలీలు బీడీలు ఆర్పి నిలబడ్డారు. సేటు గడప మీంచి లేచాడు. మాట తప్పావని మాత్రం అనలేదు. ట్రాలీ ఖాళీగా పోయింది.

మంగళవారం స్టేషన్ రోడ్డులో హరికృష్ణ సేటు షట్టర్ లేవలేదు. బుధవారమూ లేవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని పక్క దుకాణాలవాళ్ళు ఇంటికి పోతే, ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏమైందంటే పదకొండు దినాల షట్టర్ బందుకు ఒక జంపఖానా కొంటున్నానన్నాడు. వాళ్ళు సరేనని తలూపి వచ్చేశారు.

సోమక్క అపార్ట్‌మెంట్‌వాళ్ళకు రానని చెప్పి, పాషా జంపఖానాకు పడ్డ రూపాయల్లోంచి నూలు తెచ్చుకుని కొత్త పడుగు ఎక్కించింది. వచ్చిన ధరల్లో తనది ఏదో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

పన్నెండో రోజు పొద్దున సేటు నడుచుకుంటూ వచ్చాడు, ఎండకు కమిలిన మొఖంతో. ఆమె నేసి పెట్టిన కొత్త జంపఖానా మడత విప్పి, అంచు వేళ్ళతో తడిమి, భుజాన వేసుకున్నాడు. ఎప్పుడూ సేటు గడప ఎక్కితే గుంటలోంచి లేచి నిలబడే సోమక్క ఆ రోజు లేవడం మరిచిపోయింది. పేకలో దారం సగంలో ఉంది.